ప్రేమ మొదలైన తేదీ ఎవరికీ గుర్తుండదు

హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఒక ఆఫీసు క్యాంటీన్‌ను ఊహించుకుందాం. ఏడాదిన్నరగా ఒకే బల్ల దగ్గర మధ్యాహ్నం భోజనం చేస్తున్న ఇద్దరు. ఆమె ఇంటి నుంచి డబ్బా తెచ్చుకుంటుంది. అతను క్యాంటీన్ ప్లేటు తీసుకుంటాడు. డబ్బా మూత తీయగానే అందులోని ఆవకాయ ముక్క అతని ప్లేటులోకి వెళ్ళిపోతుంది. అడగడం లేదు, ఇవ్వడం లేదు, అలవాటైపోయింది అంతే. ఆమెకు గుజ్జు చాలు, అతనికి ముక్క కావాలి. ఓసారి అతను చెల్లెలి పెళ్ళికి పది రోజులు సెలవు పెట్టి ఊరెళ్ళాడు. మొదటి రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు తినడం అయ్యాక డబ్బా మూత పెట్టబోతే, మూలన ముక్క అలాగే ఉంది. గుజ్జంతా కలుపుకుని తినేసింది, ముక్క ఎందుకు వదిలేసిందో ఆమెకే తెలియదు. చెయ్యి కడుక్కుంటూ దాని గురించే ఆలోచించింది. ఇంకాసేపటికి, ఆలోచన ముక్క మీద లేదని అర్థమైంది.

‘మీ ప్రేమ ఎప్పుడు మొదలైంది?’ అని తర్వాత ఎవరైనా అడిగితే ఆమె ఆ మూడో రోజునే చెబుతుంది. హఠాత్తుగా జరిగిందనీ, అసలు ఊహించలేదనీ అంటుంది. అబద్ధం కాదు. కానీ ఆ రోజు కబురు అందిన రోజు మాత్రమే. ఉత్తరం ఎప్పుడో బయల్దేరింది. ప్రేమ గురించి మనస్తత్వ శాస్త్రం గత తొంభై ఏళ్ళలో పోగుచేసిన ఆధారాలను ఒకచోట పెట్టి చూస్తే ఎక్కువ భాగం ఈ వైపే మొగ్గుతాయి. ప్రేమ పుట్టడం నిదానంగానే జరుగుతుంది, అది మనకు తెలియడమే ఉన్నట్టుండి జరుగుతుంది. ఈ రెంటినీ కలిపేయడం వల్లే ‘అనుకోకుండా’ అన్న మాట ప్రేమకు విడదీయలేని విశేషణం అయిపోయింది.

మన భాష ఈ తేడాను ఎప్పుడో పట్టుకుంది. ‘ప్రేమలో పడటం’ ఇంగ్లీషు నుంచి వచ్చి మనలో కలిసిపోయిన మాట. బావిలో పడ్డట్టు ఒక్క అడుగులో అయిపోయే వ్యవహారం అది. మన పాత మాట ‘మనసు పడటం’. ఇక్కడ పడింది మనిషి కాదు, మనసు. మనిషి ఆ తర్వాత వెళ్ళి చూసుకోవాలి. వాక్యం కట్టే తీరు కూడా అంతే. ఆకలి ‘నాకు’ వేస్తుంది, నిద్ర ‘నాకు’ వస్తుంది, కోపం ‘నాకు’ వస్తుంది. అలాగే ఫలానా మనిషి ‘నాకు’ నచ్చుతారు. ఇవేవీ ‘నేను’ చేసే పనులు కావు, నా దగ్గరికి వచ్చేవి. ‘నువ్వంటే నాకిష్టం’ అని అనేయగలిగినవాళ్ళకు కూడా ‘నేను నిన్ను ప్రేమిస్తున్నాను’ అనాలంటే ఎవరో రాసిచ్చిన డైలాగు అప్పజెప్పినట్టుంటుంది. అందులో ‘నేను’ కర్త. ఈ విషయంలో కర్తృత్వం ఒప్పుకోవడానికి మన వ్యాకరణం కాస్త ఇబ్బంది పడుతుంది.

మన్మథుడి పేర్లలోనూ ఈ రెండు వాదాలు ఉన్నాయి. చెరకు విల్లు, తుమ్మెదల నారి, ఐదు పూల బాణాలు పట్టుకుని ఎక్కడి నుంచో కొట్టేవాడు అతను. శివుడు మూడో కన్నుతో కాల్చేశాక ఒళ్ళు లేనివాడు కాబట్టి అనంగుడు, ఎటునుంచి కొట్టాడో కనిపించడు. ఇది బయటి నుంచి, చెప్పాపెట్టకుండా వచ్చే ప్రేమ. అదే దేవుడికి మనసిజుడు, చిత్తజుడు అని కూడా పేర్లున్నాయి. మనసులోనే పుట్టినవాడని అర్థం. తగిలేటప్పుడు బాణం, పుట్టేటప్పుడు లోపలిదే. పేరు పెట్టినవాళ్ళు ఈ రెంటిలో ఒకదాన్ని ఎంచుకోవాలని అనుకోలేదు.

ఆ లోపల పుట్టడానికి ఏం కావాలి? అన్నిటికంటే ముందు కావలసింది వినడానికి బొత్తిగా రుచించని విషయం, దగ్గర్లో ఉండటం. 1932లో జేమ్స్ బోసార్డ్ అనే సామాజిక శాస్త్రవేత్త అమెరికాలోని ఫిలడెల్ఫియా నగరంలో 5,000 పెళ్ళి లైసెన్సులు తీసుకుని వధూవరుల చిరునామాలు చూశాడు. మూడింట ఒక వంతు జంటలు పెళ్ళికి ముందు ఐదు వీధుల దూరం లోపలే ఉండేవాళ్ళు. నగరంలో లక్షల మంది ఉన్నా, జీవిత భాగస్వామి మాత్రం కూరగాయలు కొనుక్కునే దూరంలో దొరికారు. 1950లో లియాన్ ఫెస్టింగర్, అతని సహచరులు అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయంలో పెళ్ళైన విద్యార్థులు ఉండే ఇళ్ళ సముదాయంలో స్నేహాలను లెక్కగట్టారు. ఇళ్ళు వాళ్ళు ఎంచుకున్నవి కావు, ఖాళీ అయినదాన్ని బట్టి ఇచ్చినవి. పక్కింటివాళ్ళు స్నేహితులైన సందర్భాలు 41 శాతం. ఒక తలుపు అవతలికి పోతే 22. అదే వరండాకు రెండు చివరలా ఉన్నవాళ్ళ మధ్య 10. మెట్ల దగ్గరా ఉత్తరాల పెట్టెల దగ్గరా ఉన్నవాళ్ళకు పై అంతస్తు వాళ్ళతో కూడా స్నేహం కలిసింది, రోజూ ఎదురుపడతారు కాబట్టి. అది స్నేహాల లెక్కే, ప్రేమల లెక్క కాదు. కానీ స్నేహానికీ ప్రేమకూ మధ్య దూరం ఎంతో ఈ కథలో ముందు ముందు చూస్తాం.

ఇంతకంటే విచిత్రమైనది 1992లో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో జరిగింది. రిచర్డ్ మోర్‌లాండ్, స్కాట్ బీచ్ అనే ఇద్దరు పరిశోధకులు చూడటానికి ఇంచుమించు ఒకేలా ఉండే నలుగురు అమ్మాయిలను ఎంచుకున్నారు. ఒక పెద్ద తరగతి గదికి ఒకమ్మాయి సెమిస్టరు మొత్తంలో 15 సార్లు వెళ్ళి కూర్చుంది, ఇంకొకామె 10 సార్లు, మరొకామె 5 సార్లు. నాలుగో ఆమె అసలు వెళ్ళనేలేదు. ఎవరితోనూ మాట్లాడకూడదు. రావడం, ముందు వరుసలో కూర్చోవడం, నోట్సు రాసుకోవడం, వెళ్ళిపోవడం. సెమిస్టరు చివర విద్యార్థులకు నలుగురి ఫోటోలూ చూపించారు. ‘ఈ అమ్మాయిని ఎప్పుడైనా చూశారా?’ అంటే దాదాపు అందరూ తెలియదన్నారు. ‘ఎవరు బాగున్నారు?’ అంటే మాత్రం ఎక్కువసార్లు వచ్చిన అమ్మాయికి ఎక్కువ మార్కులు వేశారు. గుర్తుపట్టలేదు, కానీ ఇష్టపడ్డారు. కళ్ళు చూసిన సంగతి మనిషికి తెలియకపోయినా మనసు లెక్క రాసుకుంటూనే ఉంది.

ఇక స్నేహం సంగతి. కెనడాలో డానూ స్టిన్సన్ బృందం 2021లో ప్రచురించిన అధ్యయనంలో దాదాపు 1,900 మందిని ‘మీ బంధం ఎలా మొదలైంది?’ అని అడిగితే మూడింట రెండొంతుల మంది ముందు స్నేహితులమే అన్నారు. విద్యార్థుల్లో ఆ స్నేహం సగటున 22 నెలలు నడిచింది. ఎక్కువమందికి మొదట్లో అలాంటి ఉద్దేశమే లేదట. ఆశ్చర్యమేమిటంటే, అప్పటిదాకా ఆకర్షణ మీద జరిగిన పరిశోధనల్లో అత్యధికం ముక్కూమొహం తెలియని ఇద్దరు ఎదురుపడితే ఏమవుతుందన్న దాని మీదే. సినిమాల మాదిరే ప్రయోగశాలలు కూడా తొలిచూపు దగ్గరే కెమెరా పెట్టుకుని కూర్చున్నాయి. జనం మాత్రం 22 నెలలు కలిసి టీ తాగాక, ఒకరోజు ఉలిక్కిపడుతున్నారు.

పెద్దవాళ్ళకు ఈ పరిశోధనలు అక్కర్లేకుండానే సంగతి తెలుసు. తెలుసు కాబట్టే ఇన్ని కాపలాలు. క్లాసులో అటు అమ్మాయిలు, ఇటు అబ్బాయిలు. ఇంటర్‌కి వచ్చేసరికి ఏకంగా వేరే క్యాంపస్‌లు. ఇద్దరు రోజూ ఎదురుపడితే ఏదో ఒకటి అవుతుందని పక్కా నమ్మకం లేకపోతే అంత కట్టుదిట్టం ఎవరూ చేయరు. ఇక ఎదురుపడక తప్పని చోట వరస అడ్డం పెడతారు. పక్కింటి అబ్బాయిని పిల్ల చేత చిన్నప్పుడే ‘అన్నయ్యా’ అని పిలిపిస్తారు. వరస కుదిరిందంటే తలుపు మూసినట్టే. కాలేజీ అమ్మాయిలకు ఈ ఆయుధం సొంతంగా వాడటం బాగా వచ్చు. రాఖీ పండగ రోజు క్లాసుకు ఎగనామం పెట్టే అబ్బాయిలు ప్రతి కాలేజీలో ఉంటారు. చేతికి దారం పడితే ఆశ వదులుకోవాల్సిందే. నిజంగా ఆశ పోతుందా అంటే, అది వేరే కథ. ‘అన్నా’ అని పిలుస్తూనే పెళ్ళి దాకా వెళ్ళినవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఒకరిద్దరు ఉంటారు, పెళ్ళయ్యాక ఏమని పిలవాలో తెలియక ‘ఏవండీ’ దగ్గర ఆగిపోయిన వాళ్ళు.

అయితే దగ్గరితనం ఎప్పుడూ ప్రేమనే పుట్టిస్తుందా? మరీ దగ్గరైతే పుట్టదు. ఫిన్లాండ్ పండితుడు ఎడ్వర్డ్ వెస్టర్‌మార్క్ 1891లోనే ఈ మాట అన్నాడు. పసితనం నుంచి ఒకే చోట పెరిగినవాళ్ళకు ఒకరి మీద ఒకరికి ఆ రకమైన ఇష్టం కలగదని. ఇజ్రాయెల్‌లో కిబ్బుట్జ్‌లనే ఉమ్మడి వ్యవసాయ గ్రామాల్లో పిల్లలను ఇళ్ళలో కాకుండా సామూహిక పిల్లల గృహాల్లో పెంచేవారు. అక్కడ పెరిగినవాళ్ళ 2,769 పెళ్ళిళ్ళను జోసెఫ్ షెఫర్ పరిశీలిస్తే, ఒకే గుంపులో పెరిగినవాళ్ళు పెళ్ళాడినవి 14 మాత్రమే. పుట్టిన దగ్గర్నుంచి ఆరేళ్ళ దాకా పూర్తిగా కలిసి పెరిగినవాళ్ళ మధ్య ఒక్కటి కూడా లేదు. ఎవరూ వద్దనలేదు, పెద్దలు సంతోషించేవాళ్ళే కూడా. వాళ్ళకే అనిపించలేదు.

ఇది చదివితే తెలుగువాళ్ళకు బావామరదళ్ళు గుర్తుకొస్తారు. చిన్నప్పటి నుంచి తెలిసినవాళ్ళే, పైగా పుట్టగానే ‘నీ పెళ్ళాం’, ‘నీ మొగుడు’ అని చుట్టాలంతా ఆటపట్టించిన వాళ్ళు. కానీ ఒకే ఇంట్లో పెరిగినవాళ్ళు కారు. వేసవి సెలవుల్లో అమ్మమ్మగారింట్లో నెల రోజులు, మళ్ళీ సంక్రాంతికి నాలుగు రోజులు, మధ్యలో ఖాళీ. ప్రతిసారీ కాస్త పొడుగై, కాస్త గొంతు మారి కనిపించే మనిషి. పరిచయం ఉంది, అందులో విరామమూ ఉంది. మేనరికం ఇష్టంగా మారిన చోట్ల ఈ విరామానికి కొంత వాటా ఉండొచ్చు. ఇది ఊహే, కానీ ఆవకాయ ముక్క కూడా సెలవు రోజుల్లోనే మిగిలింది కదా. ఏడాదిన్నర పాటు ఎదురుగా ఉన్నప్పుడు తెలియనిది, మూడు రోజులు లేకపోతే తెలిసింది. కరెంటు ఉన్నంతసేపూ ఫ్యాను శబ్దం ఎవరికీ వినిపించదు, పోగానే ఆ నిశ్శబ్దానికి నిద్రలోంచి లేస్తాం.

కబురు అందించే ఘడియలు ఇలా కొన్ని ఉంటాయి. లేకపోవడం ఒకటి. భయం ఇంకొకటి. దీని మీద చెప్పుకోదగ్గ ప్రయోగం 1974లో కెనడాలో, వాంకూవర్ దగ్గరి కాపిలానో నది మీద జరిగింది. డొనాల్డ్ డటన్, ఆర్థర్ ఆరన్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు రెండు వంతెనలు ఎంచుకున్నారు. ఒకటి నది నుంచి దాదాపు 70 మీటర్ల ఎత్తులో ఇనుప తాళ్ళకు వేలాడే సన్నటి చెక్కల వంతెన. అడుగు వేస్తే ఊగుతుంది, గాలికి ఊగుతుంది, పక్కనున్న పట్టు తాడు నడుము కంటే పైకి రాదు. రెండోది నదికి పైకి పోతే వచ్చే గట్టి చెక్క వంతెన, నీటికి పది అడుగుల ఎత్తు. ఒంటరిగా దాటుతున్న కుర్రాళ్ళను ఒక యువతి ఆపి, సర్వే చేస్తున్నానని నాలుగు ప్రశ్నలడిగి, ఒక బొమ్మ చూపించి చిన్న కథ రాయమంటుంది. చివర్లో కాగితం మూల చింపి తన ఫోన్ నంబరు రాసిస్తుంది. వివరాలు కావాలంటే చెయ్యండని. ఊగే వంతెన మీద నంబరు తీసుకున్న 18 మందిలో 9 మంది ఫోన్ చేశారు. గట్టి వంతెన మీద 16 మందిలో ఇద్దరే. అడిగినది మగవాడైతే ఈ తేడా కనిపించలేదు.

ఎత్తుకు కొట్టుకున్న గుండెను మనిషికి కొట్టుకున్న గుండెగా పొరబడ్డారని పరిశోధకుల వివరణ. వెంటనే ఒక అనుమానం వస్తుంది. ఊగే వంతెన ఎక్కేవాళ్ళు మొదటి నుంచీ తెగువ ఉన్నవాళ్ళేమో, ఫోన్ చేసే ధైర్యమూ వాళ్ళకే ఉంటుందేమో. ఆ అనుమానం వాళ్ళకీ వచ్చింది. అందుకే ఊగే వంతెన దాటేసి, కాసేపు కూర్చుని, గుండె నెమ్మదించిన వాళ్ళను కూడా అదే విధంగా అడిగి చూశారు. వాళ్ళలో ఫోన్లు తగ్గాయి. అయినా ఈ ఒక్క ప్రయోగాన్ని పట్టుకుని భయమే ప్రేమ అనేయడం మరీ తొందరపాటు. పదీ పద్దెనిమిది మందితో చేసిన లెక్క అది. పైగా ఫోన్ చేయడం ప్రేమ కాదు. అంతవరకే తీసుకుంటే మాత్రం పనికొచ్చే విషయమే ఉంది. ఒంట్లో జరిగేది ముందు, దానికి పేరు పెట్టడం తర్వాత. ఆ పేరు ఎదురుగా ఎవరున్నారన్న దాన్ని బట్టి మారొచ్చు. పరీక్షలప్పుడు, ఆసుపత్రి వరండాల్లో, వర్షానికి బస్సు ఆగిపోయిన రాత్రి మొదలయ్యాయని చెప్పే ప్రేమకథలు అన్ని ఉండటానికి కారణం కొంత ఇదే.

అన్నిటికంటే బలమైన ఘడియ ఇంకొకటుంది. ఆరన్, అతని సహచరులే 1989లో జనం రాసిచ్చిన ప్రేమానుభవాలను చదివి అందులో ఏమేమి కనిపిస్తున్నాయో లెక్కవేశారు. రూపం, గుణం లాంటివి ఎలాగూ ఉన్నాయి. వాటితో సమానంగా పదే పదే కనిపించింది, అవతలి మనిషికి తానంటే ఇష్టమని తెలియడం. ఒక చూపు, ఒక మాట, ఎవరో చెప్పిన ‘వాడు నీ గురించే అడుగుతున్నాడు’. ఇరుగుపొరుగు, పోలికలు లాంటివి ఆ కథల్లో తక్కువగా వచ్చాయి. అది సహజమే. నేల గురించి మొక్క చెప్పదు. దగ్గరితనం చేసే పని కంటికి కనిపించదు కాబట్టి కథ చెప్పేటప్పుడు గుర్తుకు రాదు. గుర్తుండేది చూపే.

కబురు అందాక జరిగేది మాత్రం నిజంగానే ఎవరూ ఊహించలేనిది. 1990ల్లో వోల్ఫ్‌రామ్ షుల్ట్జ్ కోతుల మెదడులో, ప్రతిఫలం మీది ఆశతో ముడిపడిన డోపమిన్ అనే రసాయనాన్ని వదిలే కణాల పనితీరు గమనించాడు. ఉన్నట్టుండి నోట్లో పళ్ళరసం చుక్క పడితే ఆ కణాలు ఒక్కసారిగా చెలరేగాయి. రసానికి ముందు దీపం వెలిగించడం అలవాటు చేస్తే, దీపం వెలగగానే చెలరేగి, రసం పడినప్పుడు మామూలుగా ఉన్నాయి. దీపం వెలిగి రసం రాకపోతే ఉన్న చలనం కూడా పడిపోయింది. అంటే ఆ కణాలకు లెక్క రసం కాదు, అనుకున్నదానికీ వచ్చినదానికీ ఉన్న తేడా. ఆ కణాలుండే చోటే, ప్రేమలో మునిగి ఉన్న 17 మందికి తమ మనిషి ఫోటో చూపించి మెదడును స్కాన్ చేసినప్పుడు, చురుగ్గా కనిపించింది. హెలెన్ ఫిషర్, ఆరన్, లూసీ బ్రౌన్‌ల 2005 నాటి అధ్యయనం అది. ఫోన్‌లో మెసేజ్ పంపి, రెండు నీలం టిక్కులు పడ్డాక జవాబు కోసం చూసేవాళ్ళు ఆ దీపం ముందు కూర్చున్న కోతి పరిస్థితిని ఎవరూ చెప్పకుండానే అర్థం చేసుకోగలరు. ‘టైపింగ్’ అని కనిపించి, ఆగిపోయి, మళ్ళీ కనిపించి, చివరికి ‘ఊ’ అని వస్తుంది. ఆ ‘ఊ’లో కోపం ఉందా, నవ్వు ఉందా, నిద్ర ఉందా అని గంటసేపు టెన్షన్. తప్పకుండా వచ్చే జవాబు అంతగా పట్టుకోదు. వస్తుందో రాదో తెలియనిదే పట్టుకుంటుంది.

ఇటలీలోని పీసాలో డొనాటెల్లా మరాజిటి 1999లో చేసిన ఇంకో చిన్న అధ్యయనం ఉంది. కొత్తగా ప్రేమలో ఉన్న 20 మంది, ఒకే ఆలోచన వదలకుండా వేధించే ఓసీడీ ఉన్న 20 మంది, మామూలుగా ఉన్న 20 మంది రక్తాన్ని పోల్చింది. మెదడులో కబుర్లు మోసే సెరటోనిన్ అనే రసాయనానికి సంబంధించిన ఒక ప్రోటీన్ మొదటి రెండు గుంపుల్లోనూ ఒకేలా తక్కువగా ఉంది. ఏడాది దాటాక ప్రేమికుల్లో కొందరిని మళ్ళీ పరీక్షిస్తే మామూలుకొచ్చింది. పేరుకు అరవై మంది, తీర్పు చెప్పడానికి చాలదు. కానీ మన ప్రాచీనుల జాబితాతో పక్కపక్కన పెడితే తమాషాగా ఉంటుంది. మన్మథావస్థలు పది అన్నారు వాళ్ళు. కంటికి నచ్చడం, మనసు తగులుకోవడం, ఊహలల్లుకోవడం, నిద్ర పట్టకపోవడం, చిక్కిపోవడం, మిగతా విషయాల మీద ఆసక్తి పోవడం, సిగ్గు వదిలేయడం, పిచ్చి, మూర్ఛ, చివరికి మరణం. ఇందులో మొదటి మూడింటి దాకా మనిషికి పెద్దగా తేడా తెలియదు. నాలుగోది, నిద్ర పట్టకపోవడం దగ్గరే ‘ఏదో అయింది’ అని తెలుస్తుంది. పది మెట్ల జాబితాలో నాలుగో మెట్టు మీద నిలబడి ‘ఇప్పుడే మొదలైంది’ అనుకుంటున్నామన్నమాట.

మరి తొలిచూపు ప్రేమ సంగతేమిటి? దాన్ని అబద్ధమని కొట్టేయలేం, ఎంతోమంది చెబుతారు. నెదర్లాండ్స్‌లోని గ్రోనింగెన్ విశ్వవిద్యాలయం నుంచి ఫ్లోరియన్ జోక్ బృందం 2017లో, కొత్తవాళ్ళను కలిసినప్పుడే అడిగి చూసింది. దాదాపు 400 మంది పాల్గొన్నారు. తొలిచూపులోనే ప్రేమ అన్నవాళ్ళలో బలంగా ఉన్నది శారీరక ఆకర్షణ. ఆత్మీయత, కట్టుబాటు లాంటివి చెప్పుకోదగ్గంతగా లేవు. అంటే తొలిచూపు నిజమే, దానికి ‘ప్రేమ’ అని పేరు పెట్టడం చాలాసార్లు తర్వాత జరిగే పని. పెళ్ళయ్యాక వెనక్కి తిరిగి చూస్తే ఆ మొదటి క్షణానికి అప్పుడు లేని రంగు కూడా అంటుకుంటుంది. చూసిన పదిమందిలో తొమ్మిదిమంది చూపులు మర్చిపోతాం. పెళ్ళాడిన మనిషి చూపు మాత్రం ‘తొలిచూపు’ అవుతుంది.

తొలిచూపుకు ఇంత విలువ ఉందని గమనించి దానికి ముహూర్తం పెట్టేసిన ఘనత మన పెళ్ళిది. పీటల మీద వధూవరుల మధ్య అడ్డుతెర. అవతల ఎవరో తెలుసు, కనిపించరు. మేళగాళ్ళు జోరు పెంచుతారు, పురోహితుడు చేయి ఎత్తుతాడు, ఇద్దరూ ఒకరి తల మీద ఒకరు జీలకర్ర బెల్లం పెట్టుకుంటారు. తెర తీస్తారు. ఆ క్షణంలో చూసుకోవాలి. ఇప్పుడైతే అప్పటికే ఆరు నెలలుగా రాత్రి రెండింటిదాకా ఫోన్లో మాట్లాడుకుని, ప్రీవెడ్డింగ్ షూట్‌లో గుర్రం కూడా ఎక్కి ఉంటారు. అయినా తెర తీసేటప్పుడు ఇద్దరి మొహాల్లో కనిపించే తత్తరపాటు నటన కాదు. తల మీద చేయి బరువు, చుట్టూ వందమంది, చెవులు గింగిర్లెత్తే సన్నాయి. ఊగే వంతెన కంటే తక్కువేం కాదు.

పెద్దలు కుదిర్చిన పెళ్ళిలో ప్రేమ తర్వాత పుడుతుందన్నది మనవాళ్ళు గట్టిగా చెప్పే మాట. దీనికి ఆధారంగా 1982లో జైపూర్‌లో ఉషా గుప్తా, పుష్పా సింగ్ 50 జంటల మీద చేసిన అధ్యయనాన్ని తరచూ చూపిస్తారు. ప్రేమ పెళ్ళిళ్ళలో ప్రేమ మొదట ఎక్కువగా ఉండి కాలం గడిచేకొద్దీ తగ్గినట్టు, కుదిర్చిన పెళ్ళిళ్ళలో పెరిగినట్టు అందులో తేలింది. కానీ అమెరికాలో స్థిరపడిన భారతీయ దంపతుల మీద 2012లో చేసిన అధ్యయనంలో రెండు రకాల పెళ్ళిళ్ళకూ తేడా కనిపించలేదు. 50 జంటల లెక్కతో సంప్రదాయాన్ని సమర్థించుకోవడం ఎంత తేలికో, ఇంకో లెక్కతో దాన్ని కొట్టేయడమూ అంతే తేలిక. ఒకటి మాత్రం నిజం. ఒకే ఇంట్లో, ఒకే చెంబుతో నీళ్ళు తాగుతూ ఏళ్ళు గడిపితే పుట్టే ప్రేమ కూడా ‘అనుకోకుండా’నే పుడుతుంది. పెళ్ళైన ఐదేళ్ళకు, ఆపరేషన్ థియేటర్ బయట కూర్చున్నప్పుడు, ఆ మనిషి లేకపోతే అన్న ఆలోచన మొదటిసారి వచ్చినప్పుడు తెలుస్తుంది.

మన దగ్గర అనుకోని ప్రేమలో అసలు అనుకోనిది చాలాసార్లు ఎప్పుడన్నది కాదు, ఎవరితో అన్నది. దగ్గరితనమే ప్రేమకు నేల అయితే, ఆ నేలను మనం కులాల వారీగా గట్లు వేసి పంచుకున్నాం. ఊళ్ళో ఎవరి పేట వాళ్ళదే. నగరం, హాస్టల్, ఆఫీసు ఆ గట్లను కొంత చెరిపేశాయి. క్యాంటీన్‌లో బల్ల ఎవరి కులానిదీ కాదు. అయినా 2011–12 భారత మానవాభివృద్ధి సర్వే ప్రకారం దేశంలో కులాంతర వివాహాలు 5 శాతానికి అటూ ఇటూ మాత్రమే. ప్రేమలు అంతకంటే ఎక్కువే పుట్టి ఉంటాయి. మిగతావి పెళ్ళి దాకా రాలేదు. వేరే మతం వాళ్ళను పెళ్ళాడాలంటే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. దాని కింద నోటీసు ఇవ్వాలి, అభ్యంతరాలకు 30 రోజులు గడువు. చెప్పాపెట్టకుండా వచ్చిన ప్రేమ, రిజిస్ట్రార్ ఆఫీసు గోడ మీద నెల రోజుల ముందే చెప్పి వేలాడాలి. పెద్దల పంచాయితీలు ఇద్దరు మేజర్ల పెళ్ళిలో జోక్యం చేసుకోవడం చట్టవిరుద్ధమని 2018 మార్చిలో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిందంటే, ప్రేమ కబురు తెలిసిన రోజు నుంచి ఎంతమంది గుండెలు ఎందుకు కొట్టుకుంటున్నాయో ఊహించొచ్చు.

ప్రేమ కబురు అందిన మనిషిలో ఏం మారుతుందన్నది కూడా చూశారు. ఆరన్ బృందమే 1995లో, మూడు వందల మందికి పైగా విద్యార్థులను పది వారాల్లో ఐదుసార్లు ఒకే ప్రశ్న అడిగింది. ‘ఈరోజు నువ్వెవరు?’ తోచిన మాటలు రాయాలి. ఆ పది వారాల్లో కొందరు ప్రేమలో పడ్డారు. పడ్డాక వాళ్ళ జవాబుల్లో అంతకుముందు లేని రకరకాల మాటలు వచ్చి చేరాయి. ఇంకో గుంపు విద్యార్థులను చూస్తే, ప్రేమలో పడ్డాక తన మీద తనకు నమ్మకమూ పెరిగింది. అవతలి మనిషి ఇష్టాలూ అలవాట్లూ వచ్చి ‘నేను’లో చేరిపోతాయని వాళ్ళ అభిప్రాయం. క్రికెట్ అంటే ఆవులించే అమ్మాయి స్కోరు అడుగుతుంది. పప్పులో నెయ్యి వేసుకోని అబ్బాయి నెయ్యి గిన్నె కోసం చూస్తాడు. తమలో ఈ మార్పులు తామే చివరిగా గమనిస్తారు.

ముందు గమనించేది పక్కవాళ్ళు. 1999లో టారా మెక్‌డొనాల్డ్, మైకేల్ రాస్ కెనడాలో విద్యార్థుల ప్రేమలు ఎంతకాలం నిలుస్తాయో అంచనా వేయమని వాళ్ళనీ, వాళ్ళ తల్లిదండ్రులనీ, రూమ్మేట్‌లనీ అడిగారు. ప్రేమికుల కంటే మిగతావాళ్ళ అంచనాలే నిజానికి దగ్గరగా ఉన్నాయి. అందరికంటే బాగా చెప్పింది రూమ్మేట్‌లు. ప్రేమ ముగిసే సంగతి పక్కవాళ్ళకు ముందు తెలుస్తుందంటే, మొదలయ్యే సంగతి తెలియకుండా ఉంటుందా?

ఆ క్యాంటీన్ బల్ల దగ్గర మూడో మనిషి ఒకామె కూడా ఉంటుంది, ఇలాంటి బల్లల దగ్గర ఎప్పుడూ ఉంటుంది. అతను సెలవు పెట్టిన మొదటి రోజే, ముక్క మిగలడానికి రెండు రోజుల ముందే, డబ్బా మూత తీస్తూ మామూలుగా అడిగింది.

‘మీవాడు ఎప్పుడొస్తాడు?’

‘పెళ్ళి బుధవారం. ఆ తర్వాత సోమవారం వస్తాడు’ అంది ఆమె. ఎవరు అని అడగలేదు.